లెవెన్ ప్లస్: కొలిచేది ఎవరిని?

ఈ ఉగాది సమావేశంలో పులిహోర పళ్ళాలు పట్టుకుని నిలబడ్డ తండ్రుల గుంపులో నేనూ ఓ పావుగంట నిలబడ్డాను. పంచాంగ శ్రవణం అప్పుడే ముగిసింది. ఎవరి రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అన్న ఊసే అక్కడ లేదు. "మీ వాడికి ఎంత వచ్చింది?" "ట్యూషన్ ఎప్పటినుంచి పెట్టారు?" "ఇల్లు ఏ వైపు చూస్తున్నారు?" ఇవే మాటలు. మూడు ప్రశ్నలూ ఒకే పరీక్ష చుట్టూ తిరిగేవి. దాని పేరు లెవెన్ ప్లస్. గ్రామర్ స్కూల్లో ప్రవేశానికి ఇంగ్లండులో పదేళ్ళ పిల్లలకు పెట్టే పరీక్ష.

మన పత్రికలో పుస్తకాల మీదా నాటకాల మీదా విమర్శలు వస్తూంటాయి. ఈసారి ఒక పరీక్ష మీద విమర్శ రాస్తానంటే సంపాదకులు నవ్వి, సరే రాయమన్నారు. ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మా అమ్మాయి ఇప్పుడు ఇయర్ ఫైవ్‌లో ఉంది. వచ్చే సెప్టెంబరులో ఈ పరీక్ష రాస్తుంది. కనుక ఇది గట్టుమీద కూర్చున్నవాడి మాట కాదు, మీతోబాటు నీళ్ళలో దిగినవాడి మాట.

ఈ పరీక్ష పుట్టుక గురించి చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. 1921లో ఇంగ్లండుకు ఉత్తరపు కొసన ఉన్న నార్తంబర్లాండులో ఒక చిక్కు వచ్చింది. మారుమూల పల్లెల్లోని చిన్న బడులనుంచి సెకండరీ స్కూళ్ళ ఉచిత సీట్లకు పోటీకి వచ్చే పిల్లలే లేరు. తెలివైన పిల్లలు ఆ పల్లెల్లో లేకకాదు, వాళ్ళను పంపేవాళ్ళు లేక. అలాంటి పిల్లల్ని వెతికి పట్టుకోవడానికి గాడ్‌ఫ్రీ థామ్సన్ అనే ఆచార్యుడు ఒక పరీక్ష తయారుచేశాడు. పాఠాలు ఎంత బాగా చెప్పించుకున్నారని కాక, బుర్ర ఎలా పనిచేస్తోందని అడిగే పరీక్ష. తరువాత ఆయన ఎడిన్‌బరోకు వెళ్ళి మోరే హౌస్ పరీక్షలను నడిపించాడు. అవి దేశమంతటా వాడుకలోకి వచ్చాయి. అంటే ఈ పరీక్షకు మూలపురుషుల్లో ఒకరి ఉద్దేశం, ఎవరూ పట్టించుకోని పిల్లవాడిని పట్టించుకోవడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

1944లో వచ్చిన బట్లర్ చట్టం పిల్లలందరికీ ఉచిత సెకండరీ చదువు ఇచ్చింది. దాని వెంటే పిల్లలను మూడు రకాల బడులకు పంచే పద్ధతి స్థిరపడింది. చదువు మీద మొగ్గు ఉన్నవారికి గ్రామర్, చేతిపని మీద మొగ్గు ఉన్నవారికి టెక్నికల్, మిగిలినవారికి సెకండరీ మోడరన్. టెక్నికల్ స్కూళ్ళు అంతంతమాత్రంగానే వచ్చాయి. చివరకు మిగిలినవి రెండే గదులు, ఒకటి ‘పాస్’, ఒకటి ‘ఫెయిల్’. తెలివి చాలావరకు పుట్టుకతో వచ్చేదనీ, పదకొండేళ్ళకే కొలిచి చెప్పేయవచ్చనీ సిరిల్ బర్ట్ వంటి పేరుమోసిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు గట్టిగా చెప్పారు. ఆ బర్ట్ కవల పిల్లల మీద ప్రకటించిన లెక్కలమీద 1970లలో తీవ్రమైన అనుమానాలు బయటపడ్డాయి. అప్పటికే ప్రభుత్వాల మనసూ మారింది. 1965లో లేబర్ ప్రభుత్వం అన్ని తరహాల పిల్లలకూ ఒకే కాంప్రహెన్సివ్ బడి ఉండాలని జిల్లాలకు సూచన పంపింది. 1964లో ఇంగ్లండు, వేల్సులలో కలిపి దాదాపు 1,300 గ్రామర్ స్కూళ్ళు ఉండేవి. ఇప్పుడు ఇంగ్లండులో మిగిలినవి 163. వేల్సులో ఒక్కటీ లేదు. 1998 చట్టం కొత్తవి పెట్టకూడదన్నది. ఉన్నవి తక్కువ, కావాలనేవాళ్ళు ఎక్కువ. మన పావుగంట సంభాషణకు మూలకారణం ఇదే.

ఇక ప్రవేశం ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందులో మనవాళ్ళకే కాదు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకూ గందరగోళం ఉంది.

మొదటిది, దేశమంతటికీ ఒకే పరీక్ష లేదు. కెంట్, బకింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్ వంటి చోట్ల పద్ధతి జిల్లా అంతటికీ వర్తిస్తుంది. సటన్‌లో ఐదు గ్రామర్ స్కూళ్ళకూ మొదటి మెట్టు ఒకే ఉమ్మడి పరీక్ష. మరికొన్ని ఊళ్ళలో స్కూలు స్కూలుకూ వేరువేరు ఏర్పాట్లు. ఇయర్ ఫైవ్ చివర్లో, వేసవిలో, పేరు నమోదు చేసుకోవాలి. బకింగ్‌హామ్‌షైర్‌లో అయితే అక్కడి ప్రభుత్వ ప్రైమరీ బడుల పిల్లల పేర్లు వాటంతట అవే చేరతాయి. చాలాచోట్ల అలా కాదు, తల్లిదండ్రులే గడువులోగా చెప్పుకోవాలి. పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబరులో. ఫలితం సాధారణంగా అక్టోబరు మధ్యలో. స్కూళ్ళ పేర్లు వరుసగా రాసి కౌన్సిలుకు ఇవ్వడానికి చివరి తేదీ అక్టోబరు 31. సీటు ఎక్కడ వచ్చిందో చెప్పేది మార్చి 1న.

రెండవది, ద్వారాలు రెండు. మార్కు ఒక ద్వారం, సీటు ఇంకొకటి. బకింగ్‌హామ్‌షైర్‌లో 121 గాని అంతకుమించి గాని వస్తే ‘అర్హత’ వచ్చినట్టు. అర్హత వచ్చిందంటే సీటు వచ్చిందని కాదు. అర్హులు ఎక్కువైతే ఇంటినుంచి స్కూలుకు దూరం చూస్తారు, అన్నో అక్కో అక్కడే చదువుతున్నారా చూస్తారు. లండను చుట్టుపక్కల కొన్ని స్కూళ్ళు అలా కాక, మార్కుల వరుసలో పైనుంచి కిందికి తీసుకుంటూ పోతాయి. అక్కడ ‘పాస్ మార్కు’ అన్నమాటకు పెద్ద అర్థం లేదు. ఆ ఏడాది ఎవరు రాశారన్నదాన్నిబట్టి గీత పైకో కిందికో జరుగుతుంది. పిల్ల ‘పాసయింది’ అని మిఠాయిలు పంచి, మార్చి 1న సీటు లేక తలదించుకున్న ఇంటిని నేను చూశాను.

మూడవది, వరుసక్రమం గురించిన భయం. "గ్రామర్ స్కూలును మొదట రాస్తే, అది రాకపోతే పక్కనున్న మంచి బడి కూడా పోతుందట" అని ఉగాదినాడు ఒకాయన అన్నారు. ఒకప్పుడు కొన్నిచోట్ల ఆ ప్రమాదం ఉండేది. ఇప్పుడు లేదు. మీరు ఏ వరుసలో రాశారో స్కూలుకు తెలియదు. ప్రతి స్కూలూ తన నియమాల ప్రకారం పిల్లను చూస్తుంది. రెండు మూడు చోట్ల వీలున్నప్పుడు మీ జాబితాలో అన్నిటికంటే పైనున్నదాన్ని కౌన్సిలు ఇస్తుంది. కనుక నిజంగా ఇష్టమైన వరుసలోనే రాయండి. తప్పకుండా దొరికే దగ్గరి బడి ఒకటి జాబితాలో ఉంచండి. అది లేకపోతే ఇబ్బంది.

ఇప్పుడు ప్రశ్నపత్రం సంగతి. మా అమ్మాయి చేస్తున్న అభ్యాసపు పుస్తకాలు నేనూ చేశాను. గణితం, ఇంగ్లీషు, మాటల తర్కం, బొమ్మల తర్కం. మాటల తర్కంలో 21 రకాల ప్రశ్నలు ఉన్నాయని ట్యూషన్ మేష్టర్లు వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతారు. ఒక రకం ఇది: పక్కపక్కన ఉన్న రెండు మాటల మధ్య ఒక మాట దాక్కుని ఉంటుంది, పట్టుకోవాలి. తెలుగులో చెప్పాలంటే ‘ఆమె డబ్బు’ అన్నచోట ‘మెడ’ దాక్కున్నట్టు. సరదాగానే ఉంటుంది. మొదటిసారి చూసిన పిల్ల పది సెకన్లు తెల్లబోతుంది. వందసార్లు చూసిన పిల్ల మూడు సెకన్లలో గుర్తుపెట్టి ముందుకు పోతుంది. పరీక్షలో గడియారం పరుగెడుతూ ఉంటుంది కనుక, ఈ ఏడు సెకన్ల తేడా పత్రం పొడుగునా కూడుకుంటూ పోతుంది. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్ళో ఈ లెక్క చెప్పదు. ఎవరికి ముందు చూపించారో చెబుతుంది. ఇక సమానార్థక పదాలు, వ్యతిరేక పదాలు. ఆ మాటల్లో కొన్ని క్లాసులో వినపడేవి కావు. పాత ఇంగ్లీషు కథల పుస్తకాలు చదివే ఇళ్ళలో వినపడేవి.

ట్యూషన్‌కు లొంగని పరీక్ష పెట్టాలని చూడలేదా అంటే, చూశారు. బకింగ్‌హామ్‌షైర్ 2013లో ఆ ఆశతోనే పరీక్ష తయారుచేసే సంస్థను మార్చింది. ట్యూషన్ కేంద్రాలు కొత్త పుస్తకాలు వేసుకున్నాయి, అంతే. కొన్నేళ్ళకు జిల్లా మళ్ళీ వెనకటి సంస్థ దగ్గరికే వెళ్ళింది.

వైద్యుడిగా నాకు మరో అభ్యంతరం ఉంది. 121 వచ్చిన పిల్లకూ 120 వచ్చిన పిల్లకూ తేడా ఏమిటి? ఒక్కసారి చూసిన రక్తపోటును బట్టి మేము జీవితాంతం మందు రాయం. మళ్ళీ రమ్మంటాం, ఇంట్లో చూసుకోమంటాం. ఏ కొలతకైనా ఇటో అటో కొంత తేడా ఉంటుంది. ఆ పొద్దున్న పిల్లకు జలుబు చేసిందేమో, పక్క కుర్చీవాడు కాళ్ళు ఊపుతున్నాడేమో. ఈ పరీక్షలను బాగా పరిశీలించిన యేట్స్, పిడ్జన్ అనే ఇద్దరు 1957లోనే ఒక లెక్క తేల్చారు. ఎంత జాగ్రత్తగా నడిపినా నూటికి దాదాపు పదిమంది పిల్లలు తప్పు వైపుకు పడుతున్నారని. గీతకు కాస్త కింద పడ్డవారికి సమీక్షలూ అప్పీళ్ళూ ఉన్నాయి. కాని వాటికి ఉత్తరం రాయాలి, బడి రికార్డులు జతచేయాలి, అప్పీలు సంఘం ముందు కూర్చుని మాట్లాడాలి. అదీ చదువుకున్న తల్లిదండ్రులున్న ఇంటికే చేతనైన పని.

అన్యాయాలు కొన్ని సరిదిద్దిన మాట నిజమే. బర్మింగ్‌హామ్‌లో అబ్బాయిలకు సుమారు 540 గ్రామర్ సీట్లు, అమ్మాయిలకు సుమారు 360 ఉండేవి. అందుచేత అమ్మాయిలు అబ్బాయిలకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవలసి వచ్చేది. ఇది చట్టవిరుద్ధమని 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. వయసుకు కూడా సవరణ ఉంది. ఆగస్టులో పుట్టిన పిల్ల సెప్టెంబరులో పుట్టిన పిల్లకంటే దాదాపు ఏడాది చిన్నది కనుక, మార్కులను వయసుబట్టి సర్దుతారు. మంచిదే. అయితే పుట్టిన నెలకు సవరణ చేసే పరీక్ష, పుట్టిన ఇంటికి చాలాకాలం ఏ సవరణా చేయలేదు. సటన్ ట్రస్టు 2013లో ప్రకటించిన నివేదిక ప్రకారం గ్రామర్ స్కూళ్ళలో చేరినవారిలో బడిలో ఉచిత భోజనానికి అర్హులైన పేదపిల్లలు నూటికి ముగ్గురు కూడా లేరు. ప్రభుత్వ బడుల బయటనుంచి, అంటే చాలావరకు ఫీజు కట్టే బడులనుంచి, వచ్చినవారు నూటికి 13 మంది దాకా ఉన్నారు. 2014లో అడ్మిషన్ల నియమావళి వీలు కల్పించాక చాలా గ్రామర్ స్కూళ్ళు పేదపిల్లలకు ముందువరుస ఇవ్వడం మొదలుపెట్టాయి. కొన్ని వారికి గీతను కాస్త దించాయి కూడా. కాని పరీక్షకు పేరే ఇవ్వని పిల్లకు గీత ఎంత దించినా ఏం లాభం?

ఇంత తిట్టిన నేను పరీక్షలకు శత్రువును కాను. నేనే ఒక పరీక్ష పెట్టిన బిడ్డను. అయిదో తరగతిలో మా జిల్లా నవోదయ విద్యాలయానికి రాశాను. 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతటా వ్యాపించిన ఆ బడులకూ దాదాపు ఇదే వయసులో పరీక్ష. అందులోనూ ఇవే బొమ్మలు, ఇవే వరుసలు. ఆ పరీక్షలో నేటికీ సగం మార్కులు వీటికే. అయితే అక్కడి నియమాలు చూడండి. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు. పరీక్ష తెలుగులోనే రాయవచ్చు. ఎవరికైనా ఒక్కసారే అవకాశం. ఇల్లు పిల్లవాడికి ఏమి ఇవ్వలేకపోయిందో దాన్ని నియమమే కొంత లెక్కలోకి తీసుకుంది. లోపాలు లేవనను. ఇప్పుడు మన చిన్న పట్నాల్లోనూ నవోదయకు కోచింగులు వెలిశాయి. నాతోబాటు రాసినవాడొకడు లెక్కల్లో నాకంటే గట్టివాడు. వాడికి రాలేదు. ఆ రోజు మా ఇద్దరి మధ్య పడ్డ గీత ఎంత సన్ననిదో నాకు తెలుసు.

అసలు ఆ పరీక్ష ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగారు దరఖాస్తు తనే తెచ్చి, తనే నింపి, పొలం గట్టుమీద మా నాన్నచేత సంతకం పెట్టించుకున్నారు. నేను డాక్టరును కావడానికి నా తెలివి ఎంత కారణమో తెలియదు గాని, ఆయన సైకిలు మాత్రం కచ్చితంగా కారణం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటి దసరా రోజుల్లో మన సంఘంవాళ్ళు బతుకమ్మ ఆడిన సాయంత్రం ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. కేర్ హోములో రాత్రిపూట పనిచేస్తుంది. ఏడాదికి పైగా మన కార్యక్రమాలన్నిటికీ వస్తోంది. మన వంటల్లో సగం ఆవిడ చేతివే. కొడుకు మా అమ్మాయికంటే ఒక తరగతి పెద్ద. "సార్, గ్రామర్ స్కూల్ పరీక్ష ఎప్పుడుంటది? మా బాబు లెక్కలు మంచిగ చేస్తడని టీచరమ్మ అంటున్నది" అని అడిగింది. పరీక్ష అయిపోయి అప్పటికి రెండు వారాలు దాటింది. నమోదు గడువు వేసవిలోనే ముగిసింది. ఆ మాటే చెప్పాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. కాసేపు ఊరుకుని, "మీకందరికీ ఎట్ల తెలుస్తది సార్?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. నిజమే, మనకు ఎలా తెలుస్తుంది? ఆస్పత్రి క్యాంటీనులో సీనియర్ డాక్టరు చెబుతాడు. ఇల్లు కొనేటప్పుడు స్నేహితుడు మ్యాపు తీసి క్యాచ్‌మెంటు గీత చూపిస్తాడు. ట్యూషన్ కేంద్రం మనకు ఫోను చేస్తుంది. ఆ వేసవిలో, నమోదు తెరిచి ఉన్న రోజుల్లోనే, ఆవిడ పిల్లవాడు మా ఇంట్లో పుట్టినరోజు భోజనానికి వచ్చాడు. వాడు ఏ తరగతో నాకు తెలుసు. గడువు తేదీ నాకు తెలుసు. ఒక్కమాట చెప్పాలని తోచలేదు. కావాలని దాచానా అంటే, లేదు. మరి చెప్పానా అంటే, అదీ లేదు. మనలో కొందరు కావాలనే దాస్తారు కూడా. ట్యూషన్ మేష్టరు ఫోను నంబరు అడిగితే "ఆయన ఖాళీ లేరండీ" అంటారు. సీట్లు కొన్నే గదా, ఇంకొకరికి చెబితే మన పిల్లకు పోటీ పెంచినట్టు అనే లెక్క.

నార్తంబర్లాండు పల్లెల్లో 1921లో లోపించింది అదే. మా ఊళ్ళో సైకిలు మీద వచ్చింది అదే. చెప్పే మనిషి. పట్టించుకోని పిల్లలను వెతకడానికి పుట్టిన పరీక్ష, బాగా పట్టించుకున్న పిల్లలను ఏరే పరీక్షగా మారింది. ఇది కొలుస్తున్నది పిల్లను అంటారు. నా దృష్టిలో సగానికి పైగా కొలుస్తున్నది ఇంటిని, ఆ ఇంటికి ఎవరు పరిచయమో అన్నదాన్ని. దేశపు చట్టాన్ని మనం మార్చలేం. కాని ఇందులో మన వంతు కూడా ఉంది గదా.

ఇంకొక నష్టం మన కళ్ళముందే జరుగుతోంది. శనివారం మన తెలుగు తరగతిలో చిన్నపిల్లలు నిండుగా ఉంటారు. ఇయర్ ఫోర్ దాటగానే బెంచీలు ఖాళీ. శనివారం ట్యూషన్ రోజు. కొందరిళ్ళలో ‘ఇంగ్లీషు మాటలు పెరగాలి’ అని ఇంట్లో తెలుగు ఆపేశారు. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే భాష పోగొట్టుకుని సమానార్థక పదాలు సంపాదించే బేరం నాకు లాభంగా కనిపించడం లేదు. రెండు భాషల్లో ఆలోచించే పిల్లకు తర్కం తక్కువవుతుందని వైద్యశాస్త్రంలో నేనెక్కడా చదవలేదు.

కార్యవర్గానికి నాలుగు మనవులు. ఒకటి, ఏటా వేసవికి ముందు సంచికలో మన చుట్టుపక్కల అన్ని పరీక్షల నమోదు గడువులూ మొదటి పేజీలో వేయండి. సమావేశంలో మైకులో కూడా చెప్పండి. రెండు, పిల్లలు వాడి వదిలేసిన అభ్యాసపు పుస్తకాలు మన బీరువాలో పెట్టండి. ఆదివారం ఒక గంట ఎవరు వచ్చినా కూర్చోబెట్టి చేయిస్తాను, ఇంకో ఇద్దరు తోడు రండి. మూడు, తెలుగు తరగతిని ట్యూషన్ లేని వేళకు మార్చండి. నాలుగు, దీపావళి వేదికమీద గ్రామర్ స్కూలు వచ్చిన పిల్లలను పిలిచి షీల్డులు ఇచ్చే ఆనవాయితీ ఈ ఏడాదినుంచి మానేయండి. వేదిక కింద కూర్చున్న మిగతా పదేళ్ళ పిల్లలు ఆ అయిదు నిమిషాల్లో ఏమి నేర్చుకుంటున్నారో వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది.

మా అమ్మాయి సెప్టెంబరులో పరీక్ష రాస్తుంది. రాకపోతే పక్కవీధి కాంప్రహెన్సివ్‌లో చేరుతుంది. ఈ దేశంలో చాలామంది డాక్టర్లూ ఇంజనీర్లూ అలాంటి బడులనుంచే వచ్చారు. ఆ కేర్ హోము ఆవిడ కొడుకుకు మార్చి 1న ఆ బడిలోనే సీటు వచ్చింది. అక్కడ లెక్కల టీచరు మంచివాడని విన్నాను. వాడు బాగానే చదువుకుంటాడు. ఆవిడకు చిన్నకూతురు కూడా ఉంది, ఇప్పుడు ఇయర్ త్రీ. ఆ అమ్మాయి పరీక్ష రాయాలో వద్దో వాళ్ళ ఇష్టం. గడువు తేదీ మాత్రం ఈసారి వాళ్ళింటికి వెళ్ళి నేనే చెప్పి వస్తాను.